చెట్లకు నేను వేసిన నంబర్లు

1966 మే నెల 18వ తేదీ, బుధవారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. ఆకాశంలో మబ్బు తునక లేదు. పడమటి గాలి సన్నగా వీస్తున్నది. సర్వే పెట్టెలోని ఉష్ణమాపకం ఎనభై నాలుగు డిగ్రీల ఫారన్‌హీట్ చూపింది. మధ్యాహ్నం రెండుకు అది నూట ఏడుకు చేరింది. ఇవన్నీ ఆనాటి ఫీల్డు పుస్తకం మొదటి పేజీలో ఉన్నాయి. కమఠాణ ఊరు దాటి, బండిబాట ఆగిన చోట దిగి, ఎర్ర మొరం దిబ్బల మీదుగా నాలుగు మైళ్ళు నడిచి, నేనూ నా కొలత గొలుసు పట్టే మనిషీ ఆ గూడెం చేరిన సమయం అది.

నేను సర్వేయరును. ఆ గూడెం ఉన్న లోయలోని ఆరు వందల పన్నెండు ఎకరాల పదిహేడు గుంటల అడవిని సర్కారు రక్షిత అడవిగా ప్రకటించబోతున్నది. ప్రకటించే ముందు రెండు పనులు జరగాలి. ఒకటి, సరిహద్దు కొలవడం. రెండు, ఆ హద్దులోపల ఎవరికైనా హక్కులున్నాయేమో అడిగి రాసుకోవడం. హక్కు రాయించుకున్నవారి ప్రమేయం లేకుండా ఆ తరువాత అడవిని ఎవరూ ముట్టుకోలేరు. రాయించుకోనివారు మరునాటి నుంచి అడవికి పరాయివారు. గడువు జూన్ 30. గూడెంలో ఇళ్ళు నలభై మూడు. ఆ నలభై మూడు ఇళ్ళ బతుకు నా చేతిలోని ఫారాల కట్టమీద ఆధారపడి ఉన్నదని నాకు ఆనాడే తెలుసు. తెలియకుండా జరిగిందని చెప్పుకునే వీలు నాకు లేదు.

బీదరు జిల్లా మైసూరు రాష్ట్రంలో చేరి అప్పటికి పదేళ్ళు నిండలేదు. పాత దస్త్రాలు ఉర్దూలో, కొత్తవి కన్నడంలో ఉండేవి. మాట్లాడే జనం మాత్రం తెలుగులో మాట్లాడేవారు. గూడెంవారు తాము గోండులమని చెప్పుకునేవారు. పాత దస్త్రంలో వారికి ఒక పేరు, కొత్త దస్త్రంలో మరొక పేరు ఉన్నాయి. ఊరి భూముల లెక్క అయిన పహాణీలో అసలు పేరే లేదు. ఆ చోట ‘ఖారిజ్ ఖాతా’ అని ఉన్నది, అంటే ఎవరి పేరు మీదా లేని సర్కారు నేల.

ఇళ్ళ చుట్టూ ఉన్న బోడి వాలులో వారు కొంచెం జొన్న వేసేవారు. మిగిలిన బతుకంతా అడవిలోనే. చైత్రంలో ఇప్పపూలు, ఎండాకాలం చివర మొర్రిపండ్లు, వాటి గింజల్లోని సారపప్పు, తునికి ఆకు, తునికి పండు, కార్తీకం దాకా సీతాఫలాలు. చెట్ల నడుమ నాగలి గీత ఒక్కటి కూడా నాకు కనబడలేదు. పచ్చి కొమ్మ నరికిన ఆనవాలు నాలుగు రోజులు వెతికితే మూడు చోట్ల దొరికింది. జిల్లాలో నేను కొలిచిన చోట్లలో అంత నిండుగా నిలిచిన అడవి మరొకటి లేదు. అది వారి ఘనత అని నేను అనుకున్నాను. ఫారంలో తొమ్మిదవ గడి పేరు ‘దున్నిన విస్తీర్ణం’. అందులో నలభై మూడుసార్లు సున్న రాశాను.

గూడెం పెద్ద అరవై ఏళ్ళ మనిషి. వయసు ఆయన చెప్పింది కాదు. ప్లేగు వచ్చిన ఏడు తాను ఎంతటివాడో చెప్తే నేను కట్టిన లెక్క. ఆయన ఇంటి ముందు పందిరి కింద కూర్చుని ఇంటికొక మనిషిని పిలిపించి అడిగాను. మొదట ఆయననే అడిగాను, ఈ అడవిలో మీ ఇంటి హక్కు ఏదని.

“ఏం లేదు సారు.”

“ఈ చెట్లు ఎవరివి?”

“ఎవరియి గావు.”

“మీవి కావా?”

ఆయన నా కలం వైపు చూశాడు. తరువాత చెట్ల వైపు చూశాడు. “మాయి గావు,” అన్నాడు.

తరువాత వచ్చిన నలభై రెండు ఇళ్ళవారూ అదే జవాబు చెప్పారు. పెద్ద గారి అక్క, ఆయన కంటే రెండేళ్ళు పెద్దది, భర్త పోయిన మనిషి, తన ఇంటికి తానే యజమానురాలు, నా ప్రశ్న విని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది; జవాబు మాత్రం అందరిలాగే చెప్పి వేలిముద్ర వేసి వెళ్ళింది. నేను కన్నడంలో రాసిన ప్రతి వాంగ్మూలాన్నీ తెలుగులో చదివి వినిపించాను. రాసింది తప్పని ఒక్కరూ అనలేదు.

నా గొలుసు పట్టే మనిషి కమఠాణవాడు, నాకంటే ఆరేళ్ళు పెద్ద. మూడవ రోజు గొలుసు చుడుతూ అన్నాడు, “సాబ్, గింత సీదా మనుషులను నేనైతే చూడలే. మా కమఠాణల అడిగి చూడు, పక్కింటోని గోడ గూడ మాదే అంటరు.”

నేను నవ్వాను. మే 21, శనివారం నాటికి నలభై మూడు వాంగ్మూలాలు పూర్తయ్యాయి. 23, సోమవారం వాటిని బీదరులో అప్పగించి రసీదు తీసుకున్నాను. అక్కడితో నా పని ముగిసి ఉండవలసింది.

ముగియకపోవడానికి కారణం పద్నాలుగు లింకులు, అంటే గొలుసులో పద్నాలుగు కడ్డీల పొడవు. సరిహద్దు రేఖ ఏ రాయి దగ్గర మొదలవుతుందో చుట్టూ తిరిగి ఆ రాయి దగ్గరికే రావాలి. కాగితం మీద గీసినప్పుడు నా రేఖ పద్నాలుగు లింకులు ఎడంగా ఆగింది. నియమం ప్రకారం అంత తేడాను వదిలేయవచ్చు. నేను వదలలేదు. జూన్ 6, సోమవారం ఉదయం మళ్ళీ గూడేనికి వెళ్ళాను.

ఇళ్ళలో ఎవరూ లేరు. జనమంతా అడవిలో మొర్రిపండ్లు దులుపుతున్నారు. చెట్టు కింద గోనె పట్టాలు, చీరలు పరచి, గడకర్రతో కొమ్మ కదిపి, రాలిన నల్లని పండ్లను గంపలకు ఎత్తుతున్నారు. వందకు పైగా మనుషులు, వందల చెట్లు. ఒక్క చోట కూడా తగాదా లేదు. ఒక ఇంటివారు ఆరేడు చెట్ల దగ్గర పని ముగించి, నడుమ పండ్లతో నిండుగా ఉన్న రెండు చెట్లను ముట్టకుండా దాటి, మరొక చెట్టు దగ్గరికి వెళ్ళడం చూశాను. ఆ రెండింటినీ ఎందుకు వదిలారని అడిగితే, అవి ఫలానా ఇంటివని చెప్పారు. ఇది ఎవరిదని వారు నిలబడిన చెట్టును చూపాను. మాది అన్నారు. ఎప్పటి నుంచి అని అడిగితే, ముత్తాత నాటి నుంచి అన్నారు. వారు మే 19న నా ముందు హక్కు లేదని వేలిముద్ర వేసిన పదకొండవ ఇంటివారు.

పెద్ద గారి అక్క కొంచెం దూరంలో గంప నింపుకుంటున్నది. నేను వెళ్ళి అడిగాను. ఆమె పండ్లలోంచి పుల్లలు ఏరుతూనే చెప్పింది. మొర్రిచెట్టుకు పిందె కనబడ్డ నాటి నుంచి పండు నల్లబడే దాకా గూడెంలో ఎవరికీ చెట్టు ఉండదు. అన్ని చెట్లూ అడవివే. ఆ రోజుల్లో ఒక చెట్టును చూపి నాది అన్నవాడు ఆ ఏడు పండు ఏరరాదు, తునికి ఆకు కోయరాదు, ఇతరులు ఏరింది తినడానికి మాత్రం పెడతారు. పండు నల్లబడ్డాక ఒక ఉదయం పెద్ద మొదటి పండు నేల మీద పెట్టి, అడవిని అడిగి, చెట్లను వదులుతాడు. ఆనాటి నుంచి ఎవరి చెట్లు వారివి. ఆ ఏడు చెట్లు వదిలింది మే 30న. నేను వాంగ్మూలాలు ముగించుకుని వెళ్ళిపోయిన తొమ్మిది రోజులకు.

ఆ కట్టడి ఎందుకో కూడా ఆమే చెప్పింది. సారపప్పు కొనే సేట్లు బసవకళ్యాణ్ నుంచి నెల ముందే వచ్చి ఆశ పెడతారు. నాది అనుకున్నవాడు పక్కవాడికంటే ముందు తెంపుదామని పచ్చికాయ దులుపుతాడు. పచ్చిగింజలో పప్పు ఉండదు, విత్తనం మొలవదు, కొమ్మ విరుగుతుంది. ఎవరిదీ కానప్పుడు ఎవరూ తొందరపడరు. ఆ అడవి అంత నిండుగా ఎందుకున్నదో నాకు అప్పుడు అర్థమయింది.

“మరి ఆ మాట నాకెందుకు చెప్పలేదు అక్కా?”

“చెట్లు వదిలినంక మాయే అయితయని ముందే చెప్పాల్నా? గట్ల చెప్తే మాయి అన్నట్టే గద తమ్మీ.” గంప పక్కకు జరిపి ఆమె అన్నది, “గింత పొడుగు గొలుసు మోసుకొస్తివి. పది దినాలు ఆగి రాకపోతివా?”

నా ఉద్యోగ జీవితంలో ఎవరూ నన్ను అంత మెత్తగా, అంత సరిగా మందలించలేదు.

గడువుకు ఇరవై నాలుగు రోజులు మిగిలాయి. సంతకమైన వాంగ్మూలాన్ని సర్వేయరు తన మాటతో మార్చలేడు. దానికంటే బలమైన కాగితం ఒకటి పక్కన చేర్చగలడు. నేను ఇరవై రోజుల హక్కు సెలవు పెట్టాను. ప్రతి చెట్టుకూ నంబరు వేసి, ఏ చెట్టు ఏ ఇంటిదో, ఎన్ని తరాలుగా వారిదో పట్టిక రాస్తే, ఇంత కచ్చితమైన హక్కు లేదని ఎవరూ అనలేరని నా నమ్మకం. పెద్దకు ఆ సంగతి చెప్పాను.

ఆయన ఒప్పుకోవడానికి ఒక పూట పట్టింది. భయంతో కాదు, ఆయన అభ్యంతరం వేరు. ఆ ఏడు ఒక ముసలి దంపతుల ఇంట్లో పని చేసే చేతులు లేవు. వారి పది చెట్లను మూడిళ్ళవారు దులిపి పండు వారికి పంచుతున్నారు. ఒక ఇంట్లో ఆడపిల్ల పెళ్ళయితే రెండు చెట్లు ఆమె వెంట పోతాయి, ఆమె పోయాక తిరిగి వస్తాయి. కాగితంలో రాస్తే ఇవన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోవా అని ఆయన అడిగాడు. వాడుక ఎవరిదో రాయడానికి వేరే గడి పెడతానన్నాను.

“నంబరేసినంక చెట్టు ఎవరిదయితది సారు?”

“మీదే అవుతుంది,” అన్నాను. ఆ మాట నేను అన్నాను. తేదీ జూన్ 6, సాయంత్రం సుమారు అయిదు గంటలు.

మరునాటి నుంచి 25వ తేదీ దాకా పందొమ్మిది రోజులు. కోల్తారు డబ్బా నా గొలుసు మనిషి చేతిలో, టేపు నా చేతిలో ఉండేవి. ప్రతి చెట్టుకూ నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో చుట్టుకొలత తీశాను. పట్టికలో ఆరు గడులు పెట్టాను: నంబరు, జాతి, చుట్టుకొలత, చోటు, ఏ ఇంటిది (ఏ తాత నాటి నుంచో కూడా), వాడుక ఎవరిది. చుట్టుకొలత ఎందుకని ఎవరైనా అడిగి ఉంటే నా దగ్గర జవాబు లేదు. చెట్టును గుర్తించడానికి చోటూ, నంబరూ చాలు. కానీ కొలవగలిగినదాన్ని కొలవకుండా వదలడం నాకు చేతకాదు. మొర్రి ఎనిమిది వందల నలభై ఆరు, తునికి మూడు వందల ముప్పై అయిదు, ఇప్ప రెండు వందల ముప్పై ఒకటి. మొత్తం వెయ్యి నాలుగు వందల పన్నెండు. తక్కినదంతా సీతాఫలం, బలుసు, కలివె పొదలు.

ఆ పందొమ్మిది రోజులు నా జీవితంలో నేను సంతోషంగా ఉన్న రోజులలో లెక్కకు వస్తాయి. గూడెంవారు నా వెంట తిరుగుతూ, నేను నంబరు వేయకముందే అది ఎవరిదో చెప్పేవారు. పరీక్షకని మూడు రోజుల తరువాత అవే చెట్ల గురించి వేరేవారిని అడిగేవాడిని. అరవై చెట్లను అలా రెండుసార్లు అడిగితే ఒక్క జవాబు కూడా మారలేదు. పొలం గట్ల మీద పుట్టి పెరిగినవారి నోట కూడా నేను అంత తప్పులేని సాక్ష్యం వినలేదు.

జూన్ 26, ఆదివారం, ఇంట్లో మధ్యాహ్నం భోజనమయ్యాక నా భార్య నంబర్లు చదువుతుంటే నేను శుద్ధప్రతి సరిచూసుకున్నాను. ఆమె భాల్కిలో ఉర్దూ బడిలో నాలుగు తరగతులు చదివింది. అంకెలు ఆమె నోట ఉర్దూలోనే వచ్చేవి: ఏక్ సౌ బారా, ఏక్ సౌ తేరా. పేర్లన్నీ చదివి, “వీళ్ళ తాతల పేర్లు గూడ రాసినవా? మన పెళ్ళిపత్రికల గూడ గిన్ని పేర్లు లేవు,” అన్నది. 27న, గడువుకు మూడు రోజుల ముందు, పెద్ద వేలిముద్రతో హక్కు దరఖాస్తునూ దానికి అనుబంధంగా నా పట్టికనూ దాఖలు చేసి రసీదు తీసుకున్నాను. రసీదు నేటికీ ఉన్నది.

విచారణ ఆగస్టు 11, గురువారం, ఉదయం పదకొండున్నరకు. బయట వాన పడుతున్నది. పెద్దా, ఆయన అక్కా, మరి నలుగురూ తెల్లవారకముందే బయలుదేరి తడిసి వచ్చారు. విచారణాధికారి దక్షిణం వైపు నుంచి వచ్చిన మనిషి, మర్యాదస్తుడు. వారిని కూర్చోమన్నాడు, చాయ్ తెప్పించాడు. ఆయనను నేను దుర్మార్గుడిగా చిత్రించలేను. ఆయన రెండు కట్టలు బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. ఒకటి మే నెల వాంగ్మూలాలు, నలభై మూడు వేలిముద్రలు, చెట్లు మావి కావని. రెండవది జూన్ నెల పట్టిక, అవే పేర్లు, చెట్లు మావేనని. రెండూ ఒకే దస్తూరి, నాది. వీటిలో ఏది నిజమని కన్నడంలో నన్ను అడిగాడు. రెండూ నిజమేనన్నాను. రెండు నిజాలకు ఫైలులో చోటు లేదని ఆయన అన్నాడు, వెటకారంగా కాదు.

నేను పండు కట్టడి గురించి మొదటి నుంచి వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. చివరికి ఒకే ప్రశ్న వేశాడు: ఇది ఎక్కడైనా రాసి ఉన్నదా, ఏ తేదీన? లేదన్నాను. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రైతులను నేను అడుగుతూ వచ్చిన ప్రశ్న అదే. దానికి లేదని జవాబు వచ్చిన ప్రతిసారీ నేను ఏం రాశానో నాకు తెలుసు.

అడవిలో ఎంత మేర దున్నారని ఆయన ఫారం చూసి అడిగాడు. తొమ్మిదవ గడిలో సున్నలున్నాయి. దున్ని ఉంటే పట్టాకు దారి ఉండేదని, చెట్లు నరికి జొన్న వేసిన మరొక లోయవారికి తాను కిందటి నెలే కొంత ఇప్పించగలిగానని, ఇక్కడ తన చేతులు కట్టి ఉన్నాయని చెప్పాడు. అది నిజమే. అడవిని నరికినవారికి నేల దక్కింది. నరకనివారికి చూపడానికి ఏమీ లేకపోయింది.

పెద్ద ఏమైనా చెప్పుకుంటాడా అని అడిగారు. ఆయన లేచి నిలబడ్డాడు.

“అయ్యా, అప్పుడు అడిగిండ్రు, అప్పటి మాట చెప్పినం. మల్ల అడిగిండ్రు, అప్పటికి అయిన మాట చెప్పినం. అబద్ధం ఎక్కడ చెప్పినమో చూపుండ్రి.”

నేను దాన్ని కన్నడంలోకి మార్చి చెప్పాను. గుమాస్తా రాసుకున్నది ఇది: దరఖాస్తుదారు పరస్పర విరుద్ధమైన మాటలు చెప్పినట్లు ఒప్పుకున్నాడు. నేను అభ్యంతరం చెప్పాను. నా అభ్యంతరాన్ని కూడా రాసుకున్నారు. దరఖాస్తు కొట్టివేశారు. రాలిన పండూ, ఎండుపుల్లలూ ఏరుకోవడానికి సర్కారు దయ మీద, ఎప్పుడైనా రద్దు చేయదగిన అనుమతి ఇచ్చారు. పట్టికను ఫైలులోనే ఉంచారు.

అప్పీలుకు గడువుండేది. ఆర్డరు నకలు గూడేనికి చేరేసరికి ఆ గడువు దాటి పదమూడు రోజులయింది. అప్పటికి నాకు భాల్కికి బదిలీ అయింది. నకలు చేరిన సంగతి నాకు చేరడానికి మరో నెల పట్టింది.

ఆ తరువాత ఏడేళ్ళు ఏమీ జరగలేదు. జరగలేదు కనుక జరగబోదని అనుకున్నాను. గూడెంవారు ఎప్పటిలాగే పండు కట్టడి పాటించారు, ఎప్పటిలాగే వదిలారు. మధ్యలో కరువు వచ్చింది. జొన్న లేని రెండేళ్ళు వారిని ఇప్పపువ్వూ, మొర్రిగింజా నిలబెట్టాయి. 1973 నవంబరు 1, గురువారం, మా రాష్ట్రానికి కర్ణాటక అని పేరు మారింది. ఆనాటికి నేను బీదరుకు తిరిగి వచ్చాను. ఫారాల మీద మైసూరు అన్న మాట కొట్టి కొత్త పేరు రాయడం నాకు అప్పగించిన పనులలో ఒకటి.

1974 ఫిబ్రవరి 18, సోమవారం, ఆ పని మీదే రికార్డు గదిలో పాత ఫైళ్ళు తీస్తుండగా గూడెం ఫైలు ఉండవలసిన చోట ఒక చీటీ కనబడింది. జనవరి 9న ఫైలును చెట్ల నరికివేత చూసే విభాగానికి ఇచ్చినట్లు అందులో ఉన్నది. కారణం గడిలో రెండు వాక్యాలు: చెట్ల లెక్క చుట్టుకొలతలతో సహా ఈ ఫైలులో సిద్ధంగా ఉంది. కొత్త లెక్క అవసరం లేదు.

చీటీని రెండుసార్లు చదివి, ఎక్కడిదక్కడ పెట్టాను.

24, ఆదివారం, మొదటి బస్సుకు వెళ్ళాను. బండిబాట ఆగే చోట ఇప్పుడు లారీ బాట ఉన్నది. లోయలో టార్పాలిను కింద కంట్రాక్టరు గుమాస్తా కూర్చుని ఉన్నాడు, ముప్పై ఏళ్ళవాడు. ఎదురుగా నా పట్టిక, టైపు చేసిన నకలు. నేను ఎవరినో చెప్పగానే లేచి తన స్టూలు ఇచ్చాడు.

“మీరేనా సార్? ఒక్క నంబరు గూడ తప్పు లేదు. మామూలుగ అయితే గుర్తులు పెట్టేటందుకే మాకు రెండు నెలలు పడ్తది.”

అతడు మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాడు. నకలు చేతికి తీసుకుని చూశాను. నంబరు, జాతి, చుట్టుకొలత, చోటు. నేను గీసినవి ఆరు గడులు. ఇందులో నాలుగే ఉన్నాయి. ఏ ఇంటిది, వాడుక ఎవరిది అన్న రెండు గడులను టైపు చేయలేదు. చెట్ల మీద నా కోల్తారు అంకెలు వెలిసిపోతే వాటి మీదనే ఎర్ర రంగు దిద్దారు. పైనున్న సెలయేటి గట్టు నుంచి, ఒకటవ నంబరుతో మొదలుపెట్టి, నేను నడిచిన వరుసలోనే నరుకుతూ వస్తున్నారు. ఆనాటికి మూడు వందల పద్దెనిమిది పడ్డాయి. కట్టెలు బొగ్గుబట్టీలకు పోతున్నాయి.

గూడెంవారిలో కొందరు ఆ నరికే పనికే కూలికి వెళ్తున్నారు. వారిని నేను ఏమీ అడగలేదు. పెద్ద ఇంట్లో పడుకుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి లేవలేకపోయాడు. ఆయన అక్క గడప దగ్గర కూర్చుని ఉన్నది. నేను ఆమె పక్కన అరుగు మీద కూర్చున్నాను. 

“ఇంక ఎన్ని దినాలల్ల అయిపోతది తమ్మీ?” అని ఆమె అడిగింది.

గుమాస్తాను అడిగి తెలుసుకున్నాను కనుక జవాబు నా దగ్గర ఉన్నది. రోజుకు ఇరవై రెండు చెట్లు. మిగిలినవి వెయ్యి తొంభై నాలుగు. “యాభై,” అన్నాను.

“నీకు లెక్కయితే మంచిగనే వస్తది,” అన్నది ఆమె.

ఆ మాటలో కోపం ఉన్నదో లేదో నేను ఇన్నేళ్ళూ ఆలోచించాను. నిర్ణయించడానికి నా దగ్గర ఆధారం లేదు. కాసేపయ్యాక ఆమె లోపలికి వెళ్ళి నాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

26వ తేదీన పై అధికారికి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. హక్కు కోసం తయారైన కాగితాన్ని నరకడానికి వాడడం న్యాయం కాదని, కనీసం ఇప్పచెట్లను, దిగువ వాగుగట్టు మీది మొర్రిని వదలమని కోరాను. నలభై నాలుగవ రోజున జవాబు వచ్చింది. విషయం పరిశీలనలో ఉన్నదని. నేను అప్పటికే వెళ్ళి చూసి వచ్చాను. నంబర్లు పదమూడు వందల దగ్గరికి చేరాయి. నా భార్యకు జవాబు చదివి వినిపించాను. ఆమె విని, “నేను సదివిన నంబర్లే గద అవి,” అన్నది. అంతే, మళ్ళీ ఆ ప్రస్తావన మా ఇంట్లో రాలేదు. సారపప్పు కొనడం మాత్రం ఆమె మానేసింది.

చుట్టుకొలత గడి నేను గీయకపోతే ఏమయ్యేదని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. కొత్త లెక్కకు రెండు నెలలు పట్టేదని గుమాస్తా చెప్పాడు. అంటే నా టేపు వల్ల ఆ అడవి పోగొట్టుకున్నది రెండు నెలలు. హక్కు మాత్రం మే 18కీ 21కీ నడుమ పోయింది. అది కూడా నా కలంతోనే. ఈ రెండు వాక్యాలకు మించి నాకు నేను చెప్పుకోగలిగింది ఏమీ లేదు.

తరువాతి సంగతులు తేదీల వారీగా ఇవి. 1974 ఎండాకాలంలో వదలడానికి చెట్లు లేవు. ఆ ఏడే పదకొండు ఇళ్ళవారు హైదరాబాదుకు ఇళ్ళు కట్టే కూలికి వెళ్ళారు. 1975 జనవరి 14న పెద్ద చనిపోయాడు. ఆ ఏడాది చివరికి మరో పదిహేడు ఇళ్ళవారు భాల్కి వైపు, మహారాష్ట్ర వైపు చెరుకు కొట్టే పనికి పోయారు; వారిలో ఇద్దరు ముసలివాళ్ళు తప్ప తిరిగి వచ్చినవారు లేరు. 1976 వానలకు లోయలో నీలగిరి మొక్కలు నాటారు, వరుసకు వరుసకు నడుమ ఎనిమిదడుగులు. ఆ మొక్కలకు పండు లేదు, పువ్వు ఏరుకునేది కాదు, మేక ముట్టదు. 1977లో పెద్ద గారి అక్కను ఆమె మనవడు ఇటుకబట్టీ దగ్గరికి తీసుకుపోయాడు. ఏ బట్టీయో గూడెంలో ఎవరికీ తెలియదు. నేను మూడు బట్టీల దగ్గర విచారించాను.

1979 ఏప్రిల్ 22, ఆదివారం, ఉదయం ఏడు గంటలకు నేను చివరిసారి అక్కడికి వెళ్ళాను. పదవీ విరమణ చేసి పది నెలలయింది. గొలుసు మనిషి మోకాళ్ళ నొప్పులతో రాలేకపోయాడు. నా సొంత శుద్ధప్రతి చేతిలో పట్టుకుని, ఒకటవ నంబరు నుంచి వరుసగా నడిచి, ప్రతి చెట్టు చోటునూ చూశాను. ఎనిమిది రోజులు పట్టింది. నీలగిరి వరుసల నడుమ మొద్దులు చాలావరకు అలాగే ఉన్నాయి. కొన్నింటికి చిగురు వచ్చి మేకలు కొరికేసిన గుర్తులున్నాయి. జిల్లా దస్త్రంలో ఆ లోయ నేటికీ అడవే. విస్తీర్ణం ఆరు వందల పన్నెండు ఎకరాల పదిహేడు గుంటలు. ఒక గుంట కూడా తగ్గలేదు.

ఏప్రిల్ 29 సాయంత్రానికి తేలిన లెక్క ఇది. నంబరు వేసిన చెట్లు వెయ్యి నాలుగు వందల పన్నెండు. మొద్దులు కనబడినవి వెయ్యి మూడు వందల ఎనభై ఎనిమిది. మొద్దు కూడా దొరకనివి ఇరవై నాలుగు. నిలిచి ఉన్నది ఒక్కటీ లేదు. నలభై మూడు ఇళ్ళలో పొయ్యి వెలుగుతున్నవి అయిదు.